రబ్బరు డాండెలియన్: సంచి కట్టినా గింజ పట్టిన మొక్క అసలుదా, పట్టనిది అసలుదా?

ప్రశ్న టూకీగా: హిమాచల్‌లో ఎమ్మెస్సీ చేస్తున్న మన తెలుగు విద్యార్థి ఒకరు అడిగారు. రబ్బరు డాండెలియన్ పేరుతో రెండు చోట్ల నుంచి వచ్చిన విత్తనం పెంచారు. మొదటి లాటు మొక్కలు బాగానే పూశాయి. కానీ బయటి పుప్పొడి చేరకుండా మొగ్గ దశలో నెట్ సంచి కట్టిన పూలలో దాదాపు అంతా తాలే. రెండో లాటులో సంచి కట్టినా, కట్టకపోయినా ప్రతి పువ్వూ నిండుగా గింజ పట్టింది. "రెండోదే మంచి విత్తనం అనుకుని ముందుకు పోవచ్చా? అసలు ఈ పువ్వు ఎలా తయారవుతుంది, గింజ ఎలా పడుతుంది?" అన్నది ప్రశ్న.

జవాబు:

ముందుకు పోకండి. మీరు అనుకున్నదానికి సరిగ్గా తిరగేసి చూడాలి. సంచిలో గింజ పట్టని మొదటి లాటే అసలు రబ్బరు డాండెలియన్ అయ్యే అవకాశం ఎక్కువ. సంచిలో కూడా బుద్ధిగా గింజ కట్టిన రెండో లాటు మీద నాకు గట్టి అనుమానం ఉంది. మీ గైడుగారు ఇప్పటికే రెండో లాటుతో ప్లాట్లు వేయమన్నారంటే టెన్షన్ పడకండి. కింద చెప్పే పరీక్షలకు మహా అయితే ఒక సీజను పడుతుంది, అందులో రెండు ఒక్క పూటలో అయిపోతాయి. నేను జర్మనీలో కొన్నేళ్లు ఈ మొక్కల విత్తనోత్పత్తి మీదే పనిచేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఎవరు ఎవరో తేల్చుకుందాం. అసలు మొక్క పేరు టారాక్సకమ్ కోక్‌సగీజ్. కజకిస్తాన్‌లో, తియాన్‌షాన్ పర్వత లోయల్లో దాని పుట్టిల్లు. అక్కడి జనం దాని వేరు నమిలేవాళ్లు. సోవియట్ ప్రభుత్వం దేశమంతా రబ్బరు మొక్కల కోసం గాలిస్తున్న రోజుల్లో, 1931లో ఇది శాస్త్రవేత్తల కంట పడింది. 1933లో రోదిన్ అనే వృక్షశాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఇది డిప్లాయిడ్, అంటే రెండు సెట్లుగా 16 క్రోమోజోములు. గింజ పట్టాలంటే ఇంకో మొక్క పుప్పొడి కావాలి. మనకు దారి పక్కన, ముఖ్యంగా హిమాలయాల్లో, కనిపించే మామూలు డాండెలియన్ చాలావరకు ట్రిప్లాయిడ్, అంటే మూడు సెట్లుగా 24 క్రోమోజోములు. దానికి తండ్రి అక్కర్లేదు. మూడోది టారాక్సకమ్ బ్రెవికార్నిక్యులేటమ్. ఇదీ ట్రిప్లాయిడే, ఇదీ తండ్రి లేకుండానే గింజ కడుతుంది. వేరులో రబ్బరు ఉంటుంది గానీ తక్కువ. చూపుకి మాత్రం కోక్‌సగీజ్‌కు దగ్గరగా ఉంటుంది, పువ్వు గుత్తి కింది పచ్చటి చిట్టి ఆకుల కొనల మీద చిన్న కొమ్ముల్లాంటి బుడిపెలతో సహా.

గొడవంతా ఈ మూడోదానితోనే. 2013లో చెక్ వృక్షశాస్త్రవేత్త యాన్ కిర్ష్నర్, నెదర్లాండ్స్‌కు చెందిన పీటర్ వాన్ డైక్, వారి సహచరులు ఒక విషయం బయటపెట్టారు. బొటానికల్ గార్డెన్లలో, జన్యు బ్యాంకుల్లో కోక్‌సగీజ్ అనే చీటీతో దొరుకుతున్న విత్తనంలో చాలావరకు నిజానికి బ్రెవికార్నిక్యులేటమ్ అని. అప్పటికే కొన్ని ల్యాబుల్లో దాని మీద పరిశోధనలు కూడా జరిగిపోయాయి. ఇలా ఎందుకు జరిగి ఉంటుందో నా ఊహ చెబుతాను. తోటలో ఒక వరసలో నాలుగైదు మొక్కలు పెంచి, పండిన గింజ కోసి, కవర్లో వేసి వేరే తోటకు పంపడం బొటానికల్ గార్డెన్ల పద్ధతి. ఒంటరిగా ఉన్న కోక్‌సగీజ్ తాలు ఇస్తుంది. పక్కనే పొరపాటున మొలిచిన అపోమిక్ట్, అంటే తండ్రి లేకుండా గింజ కట్టే మొక్క మాత్రం ఏ ఏడు చూసినా నిండు గింజ ఇస్తుంది. గింజ కోసే మనిషి ఏది కోస్తాడు? నాలుగైదు తరాలు ఇలా తిరిగితే కవరు మీద పేరు అదే మిగులుతుంది, లోపల మొక్క మారిపోతుంది. మీరు ఇప్పుడు చేయబోయింది కూడా అదే పని. అందుకే మొదటి వాక్యంలోనే ఆపాను.

2008లో అమెరికా వ్యవసాయశాఖ వాళ్లు కజకిస్తాన్ వెళ్లి అడవి మొక్కల నుంచి కొత్తగా విత్తనం సేకరించారు. మీ మొదటి లాటు మూలం అలాంటి సేకరణ అయితే నా అనుమానానికి ఇంకా బలం వస్తుంది. విత్తనంతో పాటు వచ్చిన అక్సెషన్ నంబరు (జన్యు బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) చూసుకోండి. బయటి దేశపు విత్తనం ఎన్‌బీపీజీఆర్ (జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ) క్వారంటైన్ దాటి వచ్చి ఉంటే ఆ కాగితాల్లోనే మూలం రాసి ఉంటుంది.

ఇక పువ్వు సంగతి. మన పొలం గట్ల మీది గడ్డి చేమంతి, పొద్దుతిరుగుడు, కుసుమ, అన్నీ ఈ కుటుంబానివే. ఒక పువ్వులా కనిపించేది నిజానికి పదుల కొద్దీ చిరుపువ్వుల గుత్తి. తేడా ఏమిటంటే పొద్దుతిరుగుడులో బయట రేకుల్లాంటి పూలు, మధ్యలో గొట్టం పూలు అని రెండు రకాలు ఉంటాయి. డాండెలియన్‌లో అన్నీ ఒకటే రకం. ప్రతి చిరుపువ్వుకూ పట్టీలాంటి పసుపు రేకు ఉంటుంది. దాని కొనకు ఐదు పళ్లు ఉంటాయి, ఐదు రేకులు కలిసిపోయాయని చెప్పే గుర్తు అది.

మొగ్గ ఎక్కడ పుడుతుందో గమనించారా? నేలకు అంటుకున్న ఆకుల చక్రం మధ్యలో, కాడ అంటూ కనిపించకముందే. పెసరగింజంత ఉన్నప్పుడు దాన్ని నిలువునా చీల్చి బైనాక్యులర్ మైక్రోస్కోపు కింద పెట్టండి. బయటి అంచున చిరుపువ్వుల మొటిమలు పెద్దవిగా, మధ్యకు వెళ్లే కొద్దీ చిన్నవిగా ఉంటాయి. పుట్టుక బయటి నుంచి లోపలికి సాగుతుంది కాబట్టి, తర్వాత విచ్చుకోవడం కూడా అదే వరసలో జరుగుతుంది. ఒక్క చిరుపువ్వును తీసుకుంటే ముందు రేకుల వలయం, తరువాత కేసరాలు లేస్తాయి. గింజను గాలికి ఎగిరేలా చేసే తెల్లటి నూగు మాత్రం ఆలస్యంగా, అండాశయం పై అంచున బుడిపెలుగా మొదలవుతుంది. మామూలు పువ్వులో రక్షక పత్రాలు అన్నిటికంటే ముందు వస్తాయి. ఇక్కడ ఆ స్థానంలో ఉన్న నూగు వెనకబడుతుంది. దాంతో నూగు నిజంగా రక్షక పత్రాల రూపాంతరమేనా అని వృక్షశాస్త్రంలో చాలాకాలం వాదన నడిచింది. మామూలు డాండెలియన్‌లో అవయవాలను నిర్ణయించే జన్యువుల తీరు చూసి, అవును, రక్షక పత్రాలే అని 2021లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది.

అండాశయం అన్నిటికంటే కింద ఉంటుంది. లోపల ఒకటే అండం. అంటే ఒక చిరుపువ్వుకు ఒకటే గింజ, అంతకు మించి రాదు. ఈ నిర్మాణం గుర్తుపెట్టుకోండి. పరాగకోశాలు, కీలాగ్రం పైన, అండాశయం అట్టడుగున. కింద చెప్పే బ్లేడు పరీక్ష దీని మీదే ఆధారపడింది.

ఎండ వచ్చిన ఉదయం గుత్తి విచ్చుకున్నాక అంచున ఉన్న ఒక చిరుపువ్వును, లోపలి వరసలో ఉన్న ఇంకోదాన్ని ఫోర్‌సెప్స్‌తో లాగి, పక్కపక్కన పెట్టి హ్యాండ్ లెన్స్‌తో చూడండి. ఐదు పరాగకోశాలు పక్కలు అతుక్కుని గొట్టంగా ఉంటాయి. అవి లోపలి వైపుకు పగిలి పుప్పొడిని గొట్టంలోకే రాలుస్తాయి. అప్పుడు కింది నుంచి కీలం సైకిల్ పంపు కడ్డీలాగా పైకి లేస్తుంది. దాని ఒంటి నిండా ఉన్న సన్నటి వెంట్రుకలు పుప్పొడిని తుడుచుకుంటూ బయటికి తెస్తాయి. లోపలి చిరుపువ్వులో మీకు ఈ దశ కనిపిస్తుంది: కీలం మూసుకుని, ఒళ్లంతా పసుపు పొడి. అంచుది ముదిరినది కాబట్టి కీలం కొన రెండుగా చీలి, వెనక్కి మెలి తిరిగి ఉంటుంది. పుప్పొడిని అందుకునే తలం ఆ చీలిక లోపలి వైపు ఉంటుంది. అంటే ప్రతి చిరుపువ్వూ ముందు ఇచ్చి, తర్వాత పుచ్చుకుంటుంది. కానీ అదే గుత్తిలో ఒకే సమయానికి ఇచ్చేవీ, పుచ్చుకునేవీ ఉంటాయి. పైగా మెలి తిరిగిన కొన చివరికి తన కీలం మీదే మిగిలిన పుప్పొడిని తాకుతుంది. కాబట్టి సొంత పుప్పొడి కీలాగ్రానికి చేరకుండా ఆపడం ఈ పువ్వు వల్ల కాదు. ఆపేది అక్కడ కాదు, తర్వాతి మెట్టులో.

కోక్‌సగీజ్ కీలాగ్రం తన సొంత పుప్పొడిని గుర్తుపట్టి మొలకెత్తనివ్వదు. ఈ కుటుంబంలో గుర్తింపు పుప్పొడి రేణువు సొంత జన్యువును బట్టి కాదు, దాన్ని తయారుచేసిన తండ్రి మొక్క మొత్తం జన్యు స్వభావాన్ని బట్టి జరుగుతుంది. ఎందుకంటే గుర్తింపు సరుకు రేణువు పైపూతలో ఉంటుంది, ఆ పూతను పూసేది తండ్రి పరాగకోశపు గోడ. దీని ఫలితం పొలంలో కనిపిస్తుంది. ఒకే తల్లీతండ్రుల సంతానంలో కొన్ని జతలు కలుస్తాయి, కొన్ని కలవవు. ఒకవైపు కలిసిన జత రెండోవైపు కలవకపోవడమూ జరగొచ్చు, ఆ గుర్తింపు జన్యు రూపాల్లో ఒకటి ఇంకోదాన్ని కప్పేస్తుంది కాబట్టి. అందుకే నాలుగు మొక్కలు పెట్టి "తేనెటీగలు వచ్చాయి, అయినా గింజ పట్టలేదు, విత్తనం బాగోలేదు" అని తీర్పు చెప్పకూడదు. ఆ నాలుగూ దగ్గరి చుట్టాలు అయి ఉండొచ్చు.

ఈ తిరస్కారం నూటికి నూరు పాళ్లు గట్టిది కూడా కాదు. సంచిలో అక్కడక్కడా ఒకటో రెండో గింజలు పడతాయి, వాటిని చూసి కంగారు పడక్కర్లేదు. ఇంకో చిక్కు ఉంది, దాన్ని మార్గదర్శి పుప్పొడి ప్రభావం అంటారు. వేరే జాతి పుప్పొడి, ముఖ్యంగా ట్రిప్లాయిడ్‌ది, సొంత పుప్పొడితో కలిసి కీలాగ్రం మీద పడితే తిరస్కారం సడలిపోయి ఆత్మ పరాగ సంపర్కంతో గింజ పట్టేస్తుంది. డాండెలియన్లలో ఇది బాగా రుజువైన సంగతి. మీ రెండు లాట్లు పక్కపక్క బెడ్లలో ఉంటే, మొదటి లాటులో సంచి కట్టని పూలకు వచ్చిన గింజల్లో కొన్ని నిజమైన పర పరాగ సంపర్కం వల్లా, కొన్ని ఈ మోసపు ఆత్మ సంపర్కం వల్లా, కొన్ని సంకరంగానూ వచ్చి ఉండొచ్చు. ఆ గింజను తర్వాతి తరానికి వాడొద్దు.

ఇప్పుడు రెండో లాటు సంగతి, అంటే అసంయోగ జననం, మనం ల్యాబులో అపోమిక్సిస్ అనేది. ఇక్కడ కథ మొగ్గ ఇంకా ఆకుల మధ్య దాక్కుని ఉండగానే మొదలవుతుంది. అండంలోని మాతృకణం క్షయకరణ విభజనలోకి (క్రోమోజోములు సగమయ్యే విభజన) దిగుతుంది, కానీ మొదటి విభజన పూర్తి చేయదు. క్రోమోజోములు పంచుకోకుండానే మళ్లీ ఒకే కేంద్రకంలో సర్దుకుంటాయి. రెండో విభజన మాత్రం జరుగుతుంది. వచ్చిన రెండు కణాల్లో ఒకటి పిండకోశంగా మారుతుంది. అందులోని స్త్రీబీజ కణానికి తల్లికున్న 24 క్రోమోజోములూ ఉంటాయి. అది ఫలదీకరణ కోసం చూడకుండా తనంత తానే పిండంగా విభజన చెందుతుంది, కొన్నిసార్లు పువ్వు విచ్చుకోకముందే. పిండానికి తిండి పెట్టే అంకురచ్ఛదం కూడా తండ్రి సాయం లేకుండానే ఏర్పడుతుంది. మూడు వేరువేరు పనులు కలిసి జరగాలన్నమాట. విభజనను దాటవేయడం, తండ్రి లేని పిండం, తండ్రి లేని అంకురచ్ఛదం. వాటికి వేరువేరు జన్యు స్థానాలు ఉన్నాయి. మామూలు డాండెలియన్‌లో పిండాన్ని మొదలుపెట్టే జన్యువును 2022లో పట్టుకున్నారు. ఆ జన్యువు ముందు భాగంలో ఒక ఎగిరే డీఎన్ఏ ముక్క వచ్చి కూర్చోవడం వల్ల, మామూలుగా మౌనంగా ఉండాల్సిన స్త్రీబీజ కణంలో అది పనిచేయడం మొదలుపెట్టింది. లెట్యూస్ మొక్క స్త్రీబీజ కణంలో దాన్ని పనిచేయిస్తే ఫలదీకరణ లేకుండా పిండాల్లాంటివి కనిపించాయి.

అయినా ఈ ట్రిప్లాయిడ్ మొక్కలు చాలావరకు పుప్పొడి తయారుచేయడం మానవు. తమకు అక్కర్లేకపోయినా పసుపు పొడి రాలుస్తూనే ఉంటాయి. అందుకే పువ్వు చూసి వీటిని విడదీయలేం.

పరీక్షలకు వద్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైనది నూట ఇరవై ఏళ్ల నాటిది. డెన్మార్క్ వృక్షశాస్త్రవేత్త రౌంకియర్ 1903లో చేసి చూపించాడు. రేపో మాపో విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, పదునైన బ్లేడుతో పై భాగాన్ని అడ్డంగా కోసేయాలి. పరాగకోశాలు, కీలాగ్రాలు అన్నీ ఆ ముక్కతో పోతాయి, అడుగున అండాశయాలు మాత్రం మిగులుతాయి. ఇక పరాగ సంపర్కం జరిగే దారే లేదు. తర్వాత కూడా గింజ నిండితే అది అపోమిక్ట్, వాదన అక్కడితో ముగిసింది. కోత మరీ కిందికి వస్తే అండాశయాలు తెగుతాయి, మరీ పైకి వెళ్తే కీలాగ్రాలు మిగులుతాయి. ముందు రెండు మూడు మొగ్గలను నిలువుగా చీల్చి అండాశయం ఎంత ఎత్తు ఉందో చూసుకుని మొదలుపెట్టండి. కోసిన చోట పాలు కారి గడ్డకడతాయి, తుడవొద్దు. రెండు లాట్లలోనూ పది పదిహేను మొక్కల మీద చేయండి. ఒక్క మొక్కతో తీర్పు వద్దు, లాటులో రెండు జాతులు కలిసి ఉండే ప్రమాదం కూడా ఉంది.

ఒక్క పూటలో అయ్యేవి రెండు. పుప్పొడిని అసిటోకార్మిన్ అనే రంగులో వేసి మైక్రోస్కోపు కింద చూడండి. డిప్లాయిడ్‌లో రేణువులన్నీ ఇంచుమించు ఒకే సైజు, నిండుగా రంగు పట్టి ఉంటాయి. ట్రిప్లాయిడ్‌లో పెద్దవీ చిన్నవీ, రంగు పట్టని ఖాళీ రేణువులూ కలగలిసి ఉంటాయి. రెండోది వేరు. ముందే బాగా ఎండబెట్టి ఉంచిన వేరును విరిచి మెల్లగా దూరం లాగితే, రబ్బరు బాగా ఉన్న వేరులో రెండు ముక్కల మధ్య సన్నటి దారాలు సాగుతాయి. ఇది కొలత కాదు, సూచన మాత్రమే. మీ యూనివర్సిటీలో ఫ్లో సైటోమీటర్ ఉంటే ఆకు ముక్కతో డీఎన్ఏ పరిమాణం చూడటం అన్నిటికంటే తేలిక. వేరు కొనల్లో క్రోమోజోములు లెక్కపెట్టడం ఎలాగూ మీ సిలబస్‌లోనే ఉంది.

మొదటి లాటు అసలుదే అని తేలితే విత్తనం పెంచడం ఎలా? ముందుగా, ఎన్ని ఎక్కువ మొక్కలు కలిపి పూయిస్తే అంత మంచిది. నేనైతే యాభైకి తగ్గను. మొక్కలు తగ్గిన కొద్దీ గుర్తింపు జన్యువు రకాలు తగ్గి, తర్వాతి తరంలో కలిసే జతలు తగ్గిపోతాయి. గ్రీన్‌హౌస్‌లో అయితే రెండు మొక్కల విచ్చుకున్న గుత్తులను ఒకదానికొకటి మెత్తగా రుద్దడం చాలు, వరసగా రెండు మూడు ఉదయాలు. బయటి వరసలు ఒకరోజు, లోపలివి తర్వాతి రోజుల్లో విచ్చుకుంటాయి కాబట్టి ఒక్కసారి రుద్ది వదిలేస్తే మధ్యలో తాలు మిగులుతుంది. ఒకే తల్లి మొక్కను వేరు ముక్కలతో క్లోనుగా పెంచుకోవచ్చు, అది పరీక్షలకు బాగా పనికొస్తుంది. కానీ క్లోన్లను పక్కపక్కన పెట్టి గింజ కోసం ఎదురుచూడకండి, అవన్నీ ఒకే మనిషి కింద లెక్క.

పూత తర్వాత గుత్తి మూసుకుంటుంది. లోపల గింజ ముదురుతుంటే, దాని పైన ముక్కులాంటి కాడ సాగి నూగును పైకి ఎత్తుతుంది. మూసిన గుత్తి కొన నుంచి తెల్లటి నూగు తొంగిచూసినప్పుడే కోసి కాగితం కవర్లో వేయాలి. పొడి ఎండ తగిలి తెరుచుకుందా, ఒక గాలికి ఖాళీ. గింజ చాలా సన్నం, వెయ్యి కలిపినా అర గ్రాముకు అటూ ఇటూ. నిండు గింజ ముదురు రంగులో గట్టిగా ఉంటుంది, తాలు పాలిపోయి చదునుగా ఉంటుంది. లెక్కపెట్టేటప్పుడు నూగును చూసి మోసపోకండి, తాలుకు కూడా నూగు చక్కగా వస్తుంది. గింజ పట్టిన శాతం అంటే నిండు గింజలను మొత్తం చిరుపువ్వులతో భాగించినదే.

ఇంకో మాట, ఇది చాలామంది పట్టించుకోరు. కోక్‌సగీజ్‌లో కొన్ని మొక్కలు మొదటి ఏడే పూస్తాయి, కొన్ని ఒక చలికాలం చూస్తే గానీ పూయవు. తొందరపడి మొదటి ఏడు పూసినవాటి గింజే కోస్తూ పోతే, రబ్బరుతో సంబంధం లేకుండా తొందరగా పూసే గుణాన్నే ఎంచుకుంటున్నట్టు. మీ దగ్గర చలి ఉచితంగా దొరుకుతుంది కాబట్టి పూయని మొక్కలను పీకేయకుండా శీతాకాలం దాటించి, వసంతంలో అన్నిటినీ కలిపి పూయించండి.

ఈ మొక్క రెండో ప్రపంచ యుద్ధంలో కొంతకాలం వెలిగింది. సోవియట్ దేశంలో 1941లో 67,000 హెక్టార్ల దాకా వేశారు. 1942లో ఆ విత్తనం అమెరికా చేరింది. అక్కడ వార్మ్కే అనే శాస్త్రవేత్త కాల్చిసిన్ అనే రసాయనం వాడి 32 క్రోమోజోముల టెట్రాప్లాయిడ్లు తయారుచేశాడు. జర్మన్లు ఆష్విట్జ్ ఉపశిబిరం రైస్కోలో బందీలైన మహిళల చేత ఈ మొక్క మీద పరిశోధన పనులు చేయించారు. యుద్ధం ముగిశాక కృత్రిమ రబ్బరు, హేవియా చెట్టు రబ్బరు దీన్ని పక్కకు నెట్టేశాయి. హేవియాకు పెద్ద సౌకర్యం ఒకటి ఉంది. మంచి చెట్టు దొరికితే మొగ్గ అంటు కట్టి లక్షల చెట్లు చేసుకోవచ్చు, ఆ చెట్టు గింజ మీద ఆధారపడక్కర్లేదు. కేరళ తోటలు చాలావరకు అలా వచ్చినవే. ఏటా విత్తి, ఏటా తవ్వే డాండెలియన్‌కు అది కుదరదు, కిలోల కొద్దీ గింజ కావాల్సిందే. పర పరాగ సంపర్కంతో వచ్చిన ప్రతి గింజా వేరే మొక్క కాబట్టి మంచి రబ్బరున్న మొక్కను ఉన్నదున్నట్టు నిలుపుకోలేం. అందుకే బ్రీడర్ల కన్ను అపోమిక్సిస్ మీద పడింది. ఎక్కువ రబ్బరిచ్చే కోక్‌సగీజ్‌కు తండ్రి లేకుండా గింజ కట్టే గుణం తగిలిస్తే ఆ మొక్క నకళ్లే గింజల రూపంలో వస్తాయి. ట్రిప్లాయిడ్ పుప్పొడిని డిప్లాయిడ్ తల్లి మీద వేస్తే సంతానంలో అక్కడక్కడా ఆ గుణం వస్తుంది, కానీ దాంతో పాటు రబ్బరు తక్కువ గుణం కూడా వస్తుంది. నన్నడిగితే దీనికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది.

చివర్లో మీరు అడిగిన చిన్న ప్రశ్న, మన తెలంగాణ, ఆంధ్రలో పండుతుందా అని. చల్లటి కొండ లోయల మొక్క, మన వేసవికి నిలవదు. దాని మీద సమయం పెట్టొద్దు.

రెండో లాటు బ్రెవికార్నిక్యులేటమ్ అని తేలినా పారేయకండి. థీసిస్‌లో పోల్చి చూపడానికి అంతకన్నా మంచి కంట్రోల్ దొరకదు. కాకపోతే దాన్ని వేరే బ్లాకుకు మార్చి, మొదటి లాటు పూసినన్నాళ్లూ దాని మొగ్గలు విచ్చుకోకముందే గిల్లేయండి. చీటీ మీద పాత పేరు కొట్టేయకుండా పక్కన కొత్త పేరు, పరీక్ష చేసిన తేదీ రాసిపెట్టండి. మీకు గింజ పంపినవాళ్లకు కూడా ఒక మెయిల్ పెట్టండి, వాళ్ల బ్యాంకులో అదే కవరు ఇంకా ఉండి ఉంటుంది.